గాలి పైకి లేస్తే

(మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం బందరులోని ఒక లైబ్రరీ హాల్లో, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ ఫ్యాను ఒక్కటి కాస్త తగ్గిస్తావా, కాగితాలు ఎగిరిపోతున్నాయి. వద్దంటారా? సరే సరే, ఉంచండి. ఈ ఉక్కలో ఫ్యాను తగ్గించమన్నవాడి ప్రసంగం ఎవరు వింటారు!

ఇదిగో, బల్ల మీద ఒక స్టీలు గ్లాసు పెడుతున్నాను. లోపల ఐసు ముక్కలు వేసిన నీళ్ళు. బయటంతా ఇప్పుడే తువ్వాలుతో తుడిచాను, పొడిగా ఉంది. ముందు వరసలో వాళ్ళు చూశారు కదా? మీరే సాక్షులు. దీని సంగతి తర్వాత చూద్దాం. పక్కన ఇది సైకిల్ పంపు. మనకి ఈ రెండే సామాన్లు. ప్రొజెక్టరు పెడతామన్నారు గానీ నేనే వద్దన్నాను. కరెంటు పోతే నా ప్రసంగం కూడా పోతుంది.

విషయంలోకి వద్దాం. 'బంగాళాఖాతంలో అల్పపీడనం' అని టీవీలో ఎన్నిసార్లు విని ఉంటారు? వందలసార్లు. ఆ మాట వినగానే ఏం చేస్తాం? ఆరేసిన బట్టలు లోపలికి తెస్తాం, ధాన్యం మీద పట్టా కప్పుతాం. మంచిదే. కానీ ఎప్పుడైనా అనుకున్నారా, పీడనం అంటే ఏమిటి, అల్పం అంటే ఎంత అల్పం, పీడనం తగ్గితే వాన ఎందుకు పడాలి అని? నేను ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి పాఠం చెప్పాను. పరీక్షలో అడిగితే పేజీ నిండా రాసేవారు. వరండాలోకి తీసుకొచ్చి మబ్బు చూపించి 'ఇది అక్కడే ఎందుకు ఆగింది, దాని కింది భాగం గీత గీసినట్టు చదునుగా ఎందుకుంది' అంటే బిక్కమొహం వేసేవారు. తప్పు వాళ్ళది కాదు లెండి. నేనూ చాలా ఏళ్ళు పుస్తకంలో ఉన్నదే చెప్పాను, పైకి చూడలేదు.

ఇవాళ నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. గాలి పైకి లేస్తే చల్లబడుతుంది, కిందికి దిగితే వేడెక్కుతుంది. మబ్బు, వాన, ఎండ, వడగాలి, తుపాను, తుపాను మధ్యలో ఉండే నిశ్శబ్దం, అన్నిట్లోనూ ఈ మాట ఉంటుంది. ఎందుకో చూద్దాం.

ముందు గాలి బరువు. గాలి అంటే మనకి చులకన కదా. గాలి కబుర్లు అంటాం, గాలి తిరుగుళ్ళు అంటాం, వాడొట్టి గాలిమనిషి అంటాం. అసలు గాలి ఎంత బరువో లెక్క కడదాం. ఈ హాలు పొడవు పది మీటర్లు, వెడల్పు ఎనిమిది, ఎత్తు నాలుగు అనుకోండి. 320 ఘనపు మీటర్లు. ఈ వేడిలో ఒక ఘనపు మీటరు గాలి కేజీ నూటయాభై గ్రాములు తూగుతుంది. గుణించండి. దాదాపు 370 కేజీలు! డెబ్బై అయిదు కేజీల ధాన్యం బస్తాలు అయిదు ఈ హాల్లో మన మధ్య తేలుతున్నాయన్నమాట.

ఇది హాల్లో ఉన్న గాలి మాత్రమే. ఈ కప్పు తీసేస్తే మన నెత్తిమీద వందల కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి ఉంది. అదంతా కలిపి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కేజీ బరువు మోపుతుంది. పీడనం అంటే ఈ బరువే. మీ అరచెయ్యి చాపండి. దాని మీద ఒక క్వింటాలు పైనే ఉంది. మరి చెయ్యి కుంగిపోదేం? కింది నుంచి కూడా అంతే నెడుతోంది కాబట్టి. చేప నీళ్ళ బరువు మోస్తున్నాననుకోదు కదా, మనమూ అంతే. టోరిచెల్లి అని ఇటలీ ఆయన 1644లోనే ఒక ఉత్తరంలో ఈ మాట రాశాడు, మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని. పాదరసం గొట్టంతో ఆ బరువు కొలిచింది ఆయనే. నాలుగేళ్ళ తర్వాత ఫ్రాన్సులో పాస్కల్ తన బావగారికి ఆ గొట్టం ఇచ్చి కొండ ఎక్కించాడు. ఎక్కేకొద్దీ పాదరసం దిగింది. పైకి వెళ్తే నెత్తిమీద గాలి తక్కువ, బరువు తక్కువ. అంతే.

ఇది మీకు తెలియనిదేం కాదు. విశాఖలో చిప్స్ ప్యాకెట్ కొని అరకు రైలెక్కండి. అరకు చేరేసరికి ప్యాకెట్ బొద్దుగా ఉబ్బి ఉంటుంది. లోపలి గాలి అదే, బయట నుంచి నొక్కే గాలి తగ్గింది. తిరుమల ఘాట్‌లో చెవులు దిబ్బెళ్ళు వేయడం కూడా అదే. అయిదున్నర కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తే పీడనం సగం అయిపోతుంది. అంటే మొత్తం గాలిలో సగం ఆ అయిదున్నర కిలోమీటర్లలోనే కూరి ఉంది. సముద్ర మట్టం దగ్గర పీడనం సగటు 1013 మిల్లీబార్లు, పీడనాన్ని కొలిచే కొలత అది. ఇప్పుడు హెక్టాపాస్కల్ అంటున్నారు. పేరు మారింది, అంకె అదే. ఈ 1013 గుర్తుపెట్టుకోండి, తుపాను దగ్గర మళ్ళీ పనిపడుతుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి చల్లగా ఎందుకుంటుంది? ఎవరైనా చెప్పండి. చెట్లా? చెట్లు లేని కొండ మీదా చల్లగానే ఉంటుంది అమ్మా. దగ్గరవడం అంటారా, పదిహేను కోట్ల కిలోమీటర్లలో ఒక కిలోమీటరు దగ్గరైతే ఒరిగేదేముంది? అసలు సంగతి ఏమిటంటే, ఎండ గాలిని పెద్దగా వేడి చేయదు. గాలిలోంచి దూరివచ్చి నేలని కాలుస్తుంది. కాలిన నేల తనను తాకిన గాలిని కాలుస్తుంది. అంటే గాలికి పొయ్యి కింద ఉంది. అందుకే ఎండ నడినెత్తికొచ్చిన పన్నెండింటికి కాదు, నేల బాగా కాలిన రెండు మూడు గంటలకి మనకి మాడు మాడేది.

సరే, కింద వేడెక్కిన గాలి తేలికై పైకి లేచింది. వేడి గాలే కదా లేచింది, పైన కూడా వేడిగా ఉండాలి కదా? ఇక్కడికి పంపు కావాలి. ఇలా రా బాబూ. ఏ క్లాసు? ఏడా? ఈ రంధ్రం వేలితో గట్టిగా మూసి కొట్టు. ఆగకుండా ఇరవై సార్లు. ... చాలు. ఇప్పుడు పంపు అడుగు పట్టుకో. వేడిగా ఉందా? గట్టిగా చెప్పు, అందరికీ వినపడాలి. ఉందట. పిడి దగ్గర పట్టుకో. అక్కడ అంత లేదు. రాపిడి వల్ల అంటారు కొందరు. రాపిడి కొంత ఉంది, కాదనను. కానీ ఎక్కువ వేడి ఎక్కడుంది? అడుగున, గాలి నొక్కుకుపోయిన చోట. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. దీనికి తిరగేసింది కూడా మీ అందరికీ అనుభవమే. సైకిలు ట్యూబు వాల్వు నొక్కి గాలి వదిలితే వేలికి ఎలా తగులుతుంది? చల్లగా. నొక్కుడు పోయి వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది.

పైకి లేచిన గాలి సంగతి ఇదే. పైన నొక్కేది తక్కువ, చిప్స్ ప్యాకెట్ లాగా ఉబ్బుతుంది, ఉబ్బి చల్లబడుతుంది. ఎవరూ దానికి ఐసు పెట్టక్కర్లేదు. పొడి గాలైతే కిలోమీటరుకి సుమారు పది డిగ్రీలు. కిందికి దిగితే కిలోమీటరుకి అదే పది డిగ్రీలు వేడెక్కుతుంది. అరకు విశాఖ కంటే చల్లగా ఉండటానికి మొదటి కారణం ఇదే. చెట్లు తర్వాత.

ఇక గ్లాసు. చూడండి, పది నిమిషాలు కూడా కాలేదు, చెమట పట్టి కారుతోంది. చిల్లు లేదు, లోపలి నీళ్ళు బయటికి రాలేదు. ఈ నీళ్ళెక్కడివి? ఈ హాల్లో గాలివి. గాలిలో నీటి ఆవిరి ఉంటుంది. ఒక్కో వేడి దగ్గర ఇంత ఆవిరే ఉండగలదని ఒక హద్దు ఉంది, చల్లబడే కొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. గ్లాసు పక్కనున్న గాలి చల్లబడింది, మిగిలిన ఆవిరి నీరుగా దిగింది. ఎంతకి చల్లబడితే ఇలా చెమట పడుతుందో ఆ డిగ్రీలని డ్యూ పాయింట్ అంటారు. బందరులో ఈ రోజుల్లో అది ఇరవై ఆరు అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు రెండూ కలపండి, పంపూ గ్లాసూ. నేల మీద గాలి 34 డిగ్రీలు, డ్యూ పాయింట్ 26. ఈ గాలి లేచింది. లేస్తూ లేస్తూ చల్లబడింది. లెక్క కడితే సుమారు ఒక కిలోమీటరు ఎత్తున దానికి చెమట పట్టాలి. పట్టింది. ఆ చెమటే మబ్బు. అక్కడికి లేచిన గాలంతా ఇంచుమించు ఆ ఎత్తులోనే నీరు పడుతుంది కాబట్టే మబ్బు అడుగు గీత గీసినట్టు ఉంటుంది. రేపు మధ్యాహ్నం బయటికొచ్చి చూడండి. అలాంటి మబ్బు చుక్కలు లక్షలకొద్దీ కలిస్తే ఒక్క వాన చినుకు. ఆ కలయిక కథ చాలా పెద్దది, ఇవాళ వదిలేస్తున్నాను.

ఇక్కడ చిన్న పిట్టకథ. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి బదిలీ మీద వస్తూ ఎయిర్ కూలర్ మోసుకొచ్చాడు. అక్కడ బ్రహ్మాండంగా పనిచేసిందట. ఇక్కడ పెడితే గదంతా వంటింటి ఆవిరి లాగా అయింది. షాపువాడు మోసం చేశాడంటాడు. మోసం ఎవరూ చేయలేదు. కూలర్ చేసే పని నీటిని ఆవిరి చేయడం, ఆవిరవుతూ నీరు గాలిలోంచి వేడి లాక్కోవడం. అక్కడి ఎండాకాలపు గాలి పొడిగా, ఎంత నీరైనా తాగేలా ఉంటుంది. బందరు గాలి అప్పటికే కడుపునిండా తాగేసి ఉంటుంది. మన చెమట సంగతీ అంతే. రెంటచింతలలో 44 డిగ్రీలన్నా చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. ఇక్కడ 37 అన్నా ఆరదు, కారుతుంది. కారిన చెమట ఒంటిని చల్లబరచదండీ, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. అందుకే పేపర్లో అంకె చూసి 'మన దగ్గర తక్కువే' అనుకుని మధ్యాహ్నం పొలానికి వెళ్ళకండి.

నీరు ఆవిరవడానికి ఎంత వేడి లాక్కుంటుంది? 30 డిగ్రీల నీరు, ఒక గ్రాము, మరుగు పట్టడానికి 70 క్యాలరీలు చాలు. మరిగే నీరు ఆవిరి కావడానికి ఇంకో 540. ఏడు రెట్లు పైనే! వంట చేసేవాళ్ళకి తెలుసు, పాలు పొంగడానికి పట్టే టైమెంత, కోవా అవడానికి పట్టే టైమెంత. ఈ వేడి ఎక్కడికీ పోదు. ఆవిరిలో దాక్కుని ఉంటుంది. ఆవిరి మళ్ళీ నీరైనప్పుడు, అంటే మబ్బు కట్టినప్పుడు, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది.

ఎంత ఇస్తుందో చెప్తాను. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన. చిన్న వానే. నీళ్ళెన్ని? నలభై వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఆ నీళ్ళు పైన మబ్బులో తయారైనప్పుడు విడుదలైన వేడిని కరెంటు యూనిట్లలోకి మారిస్తే సుమారు 27 వేల యూనిట్లు. నెలకి రెండు వందల యూనిట్లు కాల్చే ఇంటికి పదకొండేళ్ళు వస్తుంది. ఒక్క ఎకరానికి, ఒక్క సెంటీమీటరుకి! ఇప్పుడు జిల్లాలకి జిల్లాలే, ఇరవై సెంటీమీటర్లు ఊహించుకోండి. ఈ వేడే మబ్బు లోపల గాలిని ఇంకా తేలిక చేసి ఇంకా పైకి తోస్తుంది. మన ప్రాంతంలో పెద్ద ఉరుముల మబ్బు పదహారు, పదిహేడు కిలోమీటర్ల ఎత్తు దాకా పోతుంది. ఎవరెస్టుకి దాదాపు రెండింతలు.

గాలి పైకి లేస్తే కింద ఖాళీ అవుతుంది కదా, దాన్ని ఎవరు నింపుతారు? పక్కగాలి. మనం గాలి వీచడం అనేది ఇదే. మన ఊళ్ళో రోజూ చూసే ఉదాహరణ సముద్రపు గాలి. పగలు నేల త్వరగా కాలుతుంది, సముద్రం కాలదు. నేల మీద గాలి లేస్తుంది, సముద్రం మీద గాలి ఆ చోటులోకి వస్తుంది. రాత్రి తిరగబడుతుంది. గిలకలదిండి వైపు పాత తరం వాళ్ళని అడగండి. ఇంజన్లు లేని రోజుల్లో తెల్లవారుజామున నేలగాలితో తెరచాప ఎత్తి లోపలికి పోయి, మధ్యాహ్నం సముద్రపు గాలితో తిరిగొచ్చేవారు. రానూపోనూ గాలే కూలీ. ఈ మేలో మాత్రం కొన్ని రోజులు పడమటి గాలి గట్టిగా తోలుతుంది. దక్కను అంతా కాలుకుంటూ వచ్చే పొడి గాలి అది. సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. ఆ రోజు ఒంటిగంటకి రావాల్సిన చల్లగాలి నాలుగింటికి వస్తుంది, లేదా అసలు రాదు. మనం వడగాడ్పు అనేది ఆ రోజునే. కాబట్టి మన ఊరికి ఇవాళ ఎండ ఎంత అన్న ప్రశ్నకి జవాబు సూర్యుడి దగ్గర లేదు, ఏ గాలి గెలిచిందన్న దాంట్లో ఉంది.

నైరుతి రుతుపవనాలు కూడా ఇలాంటివేనని 1686లోనే హాలీ అన్నాడు, తోకచుక్క హాలీనే. ఖండమంతా నేల, హిందూ మహాసముద్రమంతా నీరు అనుకోమన్నాడు. స్థూలంగా నిజమే, కానీ అది సగమే. మిగతా సగం భూమి తిరగడంలో ఉంది, అది తుపాను దగ్గర చెబుతాను. ఇప్పుడు ఒక్క సంగతి చూడండి. అరేబియా సముద్రం నుంచి వచ్చిన తడిగాలికి పడమటి కనుమలు అడ్డం. ఎక్కక తప్పదు. ఎక్కితే ఏమవుతుంది? చల్లబడుతుంది. చల్లబడితే? కుండపోత. కర్ణాటకలో అగుంబెలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల పైన. అదే గాలి కొండ ఇవతల దిగితే? వేడెక్కుతుంది, మబ్బు ఆరిపోతుంది. మన అనంతపురంలో సుమారు 550. మధ్యలో దూరం ఎంతని? మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. అనంతపురం కరువుకి ఇంకా కారణాలున్నాయి, కానీ మొదటి కారణం గాలి అక్కడ దిగుతోంది.

గాలి లేవని రోజు ఎలా ఉంటుందో కూడా చూడాలి. భోగి తెల్లవారుజాము గుర్తు తెచ్చుకోండి. మంటలేస్తాం, పొగ లేస్తుంది. తాడిచెట్టు ఎత్తు దాకా వెళ్ళి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి దుప్పటి పరిచినట్టు ఊరి మీద అడ్డంగా సాగుతుంది. ఎందుకాగింది? రాత్రంతా నేల చల్లబడి తనను ఆనుకున్న గాలిని చల్లబరిచింది. పైన ఉన్న గాలే వెచ్చగా ఉంది. మామూలుగా ఉండే వరస తలకిందులైంది. కింద చల్లటి బరువు గాలి, పైన తేలిక గాలి మూత పెట్టినట్టు. పొగ, దుమ్ము, మంచు అన్నీ ఆ మూత కింద ఇరుక్కుంటాయి. గన్నవరంలో పొద్దున విమానాలు దిగలేక చక్కర్లు కొట్టేది ఆ రోజుల్లోనే. ఎండెక్కి నేల వేడెక్కితే మూత పగులుతుంది.

ఇప్పుడు తుపాను. బందరులో మాట్లాడుతూ తుపాను గురించి చెప్పకపోతే కుర్చీలు విసురుతారు.

తుపానుకి ఏం కావాలి? వెచ్చటి సముద్రం. 26 డిగ్రీల పైన, పైపైన కాదు, కొన్ని పదుల మీటర్ల లోతు దాకా. బంగాళాఖాతానికి ఆ లోటు లేదు. ఒక చోట ఉరుముల మబ్బులు గుంపుగా లేచాయి. ఒక్కో మబ్బులోనూ ఇందాక చెప్పిన ఎకరాకి పదకొండేళ్ళ కరెంటు. గాలి లేచి, పైకెళ్ళి, చుట్టూ విరజిమ్ముకుపోతుంది. అంటే ఆ చోట నెత్తిమీద గాలి మొత్తం కాస్త తగ్గింది. బరువు తగ్గింది. అదే అల్పపీడనం! పెద్ద రహస్యం ఏమీ లేదు. ఎంత తగ్గింది? మొదట్లో నాలుగైదు మిల్లీబార్లు. వెయ్యిలో నాలుగైదు. గాలి వేగం గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50కి వస్తే తీవ్ర వాయుగుండం, 62కి వస్తే తుపాను అని పేరు మారుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖని కొట్టిన హుద్‌హుద్ మధ్యలో 950. వెయ్యిన్నీ పదమూడుకి 950. ఆరు శాతం తేడా. విశాఖలో చెట్టన్నది మిగల్చకుండా చేసింది ఆ ఆరు శాతమే.

పీడనం తగ్గిన చోటికి చుట్టూ గాలి పరుగెత్తుతుంది. తిన్నగా వెళ్ళి నింపేస్తే తుపాను గంటల్లో చచ్చిపోయేది. తిన్నగా పోనివ్వదు భూమి. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి 1670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతోంది. బందరు దగ్గర 1600. ఉత్తరానికి పోయేకొద్దీ తక్కువ. దక్షిణం నుంచి వచ్చే గాలి ఎక్కువ వేగం మోసుకొస్తుంది, నేలకంటే ముందుకి, తూర్పుకి జరుగుతుంది. ఉత్తరం నుంచి వచ్చేది వెనకబడుతుంది, పడమటికి జరుగుతుంది. ఇద్దరూ తమ కుడివైపుకే తప్పుకున్నారు. అందరూ కుడికి తప్పుకుంటే మధ్యలోకి చేరేదెవరు? చుట్టూ తిరుగుతారు. గడియారానికి ఎదురు తిరుగుడు. భూమధ్యరేఖని ఆనుకుని తుపాన్లు పుట్టవు, అక్కడ ఈ తప్పించుకోవడం లేదు కాబట్టి. రుతుపవనాల్లో మిగతా సగం అన్నాను కదా, అదీ ఇదే. దక్షిణం నుంచి వచ్చిన గాలి రేఖ దాటి కుడికి తిరిగి నైరుతి గాలవుతుంది.

దీంతో ఒక పని జరుగుతుంది, చాలామందికి తెలియదు. గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎడమ చెయ్యి చాపండి. తుపాను ఆ వైపు, కాస్త ముందుకి ఉంటుంది. బైస్ బాలో అని నెదర్లాండ్స్ ఆయన 1857లో చెప్పిన సూత్రం. రేడియో, ఫోన్ ఏమీ లేకపోయినా పనిచేస్తుంది.

1977 నవంబరు 19. నేను ఆరో తరగతి. పొద్దున ఈశాన్యం నుంచి గాలి. వీపు పెట్టి ఎడమ చెయ్యి చాపితే ఆగ్నేయం, సముద్రం. ఇంకా దూరంగా ఉంది. సాయంత్రానికి తూర్పు గాలి. అంటే అది మనకి దక్షిణంగా వచ్చింది. మా నాన్నగారు తూర్పు తలుపుకి రోకలి అడ్డం పెట్టి, ఆ రోకలికి తిరగలి ఎగదోశారు. నేనూ మా అక్కా తిరగలి మీద కూర్చున్నాం, బరువుకి. తలుపు సందులోంచి వచ్చిన నీళ్ళు మా అక్క నాకింది. ఉప్పగా ఉన్నాయంది. రాత్రికి గాలి ఆగ్నేయానికి తిరిగింది. ఇదంతా నాకు అప్పుడు అర్థం కాలేదు. డిగ్రీలో ఈ సూత్రం చదివిన రోజు ఆ రాత్రి మొత్తం ఒక మ్యాపు లాగా కనిపించింది.

ఆ తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. మరి మనిషన్నవాడు మిగలకుండా కొట్టుకుపోయింది ఎక్కడ? దివిసీమ. చీరాలకి ఈశాన్యంగా. ఎందుకు? గడియారానికి ఎదురు తిరుగుతోంది కదా. తీరం దాటే చోటుకి ఉత్తరాన గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి, దక్షిణాన నేల మీది నుంచి సముద్రంలోకి. ఉత్తరాన ఉన్నవాళ్ళ మీదికి సముద్రాన్ని తోసుకొస్తుంది. పీడనం తగ్గితే సముద్రం పొంగుతుంది అని పుస్తకాల్లో ఉంటుంది. ఉంటుంది గానీ, ఒక మిల్లీబారు తగ్గితే ఒక సెంటీమీటరు. మన బంగాళాఖాతంలో ఎంత పెద్ద తుపానైనా ఇంచుమించు మీటరు దాటదు. ఆ రోజు దివిసీమలో లేచింది అయిదు మీటర్లు. మిగతాదంతా గాలి తోసింది, లోతు లేని మన తీరం పైకి ఎత్తింది. పదివేల మందికి పైగా పోయారు. అంతకు ముందు 1864 నవంబరు 1 రాత్రి ఈ బందరులోనే సుమారు ముప్పై వేల మంది. అందులో ఎక్కువమందిని చంపింది గాలి కాదు, నీరు. కాబట్టి టీవీలో 'బాపట్ల దగ్గర తీరం దాటుతుంది' అంటే 'హమ్మయ్య, మనకి కాదు' అనుకోకండి. బాపట్ల అంటే బందరు ఉత్తరాన ఉన్నట్టు. 'నరసాపురం దగ్గర' అంటే మనకి గాలి నేల మీంచి వస్తుంది, ఉప్పెన భయం తక్కువ. ఈ ఒక్క ముక్క ఇంటికి పట్టుకెళ్ళినా నాకు చాలు.

కన్ను గురించి. తుపాను నడిమధ్యలో గాలి కిందికి దిగుతుంది. దిగితే వేడెక్కుతుంది, మబ్బు ఆరుతుంది. నక్షత్రాలు కూడా కనిపించవచ్చు. జనం 'అయిపోయింది' అని బయటికొస్తారు, రేకులు సర్దుకుంటారు. అరగంటో గంటో తర్వాత ఎదురు దిక్కు నుంచి అదే గాలి. బయటికి రావద్దు.

ఇంత తెలిసినా సూచనలు ఎందుకు తప్పుతాయి అంటారు. మన బందరులో రాడార్ ఉంది, రోజుకి రెండుసార్లు బెలూన్ ఎగరేసి పైగాలి కొలుస్తారు, పైన ఇన్శాట్ ఉపగ్రహాలున్నాయి. తుపాను దారి ఇప్పుడు చాలావరకు ముందే చెబుతున్నారు, 1977తో పోలికే లేదు. కానీ మీ వీధిలో రేపు మూడింటికి వాన పడుతుందా అంటే చెప్పలేరు. 1961లో అమెరికాలో లోరెంజ్ అనే ఆయన కంప్యూటరులో 0.506127 బదులు 0.506 అని కొట్టి కాఫీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి వాతావరణం మొత్తం వేరే దారి పట్టింది. గాలి అలాంటిది. ఇంకోటి, బులెటిన్‌లో 'ఒకటి రెండు చోట్ల' అంటే నూటికి పాతిక కేంద్రాలు దాటవని, 'కొన్ని చోట్ల' అంటే సగం లోపని లెక్క ఉంది. ఆ మాటలు ఊరికే వాడరు. మా వీధిలో పడలేదని తిట్టేముందు ఆ మాట చూడండి.

ప్రశ్నలు అడగొచ్చు. చెప్పండి రైతు గారూ... మేఘమథనం. ఉమ్మడి రాష్ట్రంలో కొన్నేళ్ళు చేశారు, అనంతపురం వైపు. విమానంతో మబ్బులో రసాయనం చల్లితే ఆ చుక్కలు త్వరగా కలిసి చినుకులవుతాయని ఆశ. మబ్బు ఉంటే కాస్త సాయపడుతుందేమో, దాని మీద ఇంకా వాదనలున్నాయి. కానీ మబ్బునే పుట్టించలేదు. గాలి లేవాలి, తడిగాలి లేవాలి. లేవని రోజున విమానం ఏం చల్లినా కింద పడేది రసాయనమే. నా అభిప్రాయం అడిగితే ఆ డబ్బు చెరువుల పూడిక తీయడానికి పెట్టమంటాను.

వెనక అమ్మగారు... వరదగుడి. చంద్రుడి చుట్టూ గుడి కడితే వాన వస్తుందంటారు, నిజమేనా అని. మంచి ప్రశ్న. చెయ్యి పూర్తిగా చాపి జాన విప్పి, బొటనవేలు చంద్రుడి మీద పెట్టండి. చిటికెనవేలు కొస దగ్గర గుడి ఉంటే అది మంచు పలుకుల గుడి. ఆరేడు కిలోమీటర్ల పైన పల్చటి తెర లాంటి మబ్బు, అందులో నీరు కాదు, మంచు. అది ఎక్కణ్ణుంచి వచ్చింది? చాలాసార్లు, దూరంగా సముద్రం మీద లేచిన గాలి పైకెళ్ళి ఇటు విరజిమ్ముకుంటే వచ్చింది. అంటే వాయుగుండం రాకముందే దాని కొన మీకు కనిపించింది. చంద్రుణ్ణి ఆనుకుని చిన్నగా కట్టే గుడి వేరు, అది నీటి చుక్కల మబ్బు. దూరపు గుడీ దగ్గర గుడీ ఒకటి కాదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఎప్పుడూ నిజమవుతుందా? అవదు. వాయుగుండం లేకుండా కూడా ఆ తెర మబ్బు వస్తుంది. కానీ అక్టోబరు, నవంబరులో గుడి కనిపించి, పొద్దున ఈశాన్యం గాలి తోలితే మాత్రం నేను ధాన్యం మీద పట్టా కప్పుతాను.

టైమైపోయిందని వాచీ చూపిస్తున్నారు. బాబూ, పంపు నీ దగ్గరే ఉందా? ఇటు ఇచ్చెయ్. అది మా ఎదురింటి పేపరు అబ్బాయిది, తెల్లారి నాలుగింటికి వాడికి కావాలి.